పాత కంప్యూటర్‌లో ఎఫ్‌టీ8: ముందు గడియారం సంగతి చూడండి

అందరికీ నమస్కారమండీ. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. విండోస్ 10కి 2025 అక్టోబర్‌లో సపోర్ట్ ఆగిపోయింది కదా, ఇలాంటి పాత డెస్క్‌టాప్‌లను తూకానికి అమ్మేస్తున్నారు. తొందరపడకండి. హ్యామ్ రేడియోకి, అంటే లైసెన్స్ తీసుకుని సరదాగా నడుపుకునే రేడియోకి, అందులోనూ కంప్యూటర్‌తో చిన్న చిన్న మెసేజ్‌లు పంపుకునే ఎఫ్‌టీ8కి ఇవి భేషుగ్గా పనికొస్తాయి.

దీంట్లో ర్యామ్ 2 జీబీ. విండోస్ బదులు నేను వేస్తున్నది యాంటీఎక్స్ 23 అనే తేలికపాటి లినక్స్. డెబియన్ 12 అనే మరో లినక్స్ మీద కట్టింది, 32 బిట్‌లోనూ దొరుకుతుంది. డెబియన్ 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు, కాబట్టి మరీ పాత ప్రాసెసర్ అయితే ఇలాంటివే దిక్కు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, స్క్రీన్, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ కొట్టండి. అదేం పెద్ద పని కాదు, నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడమే.

అసలు తలనొప్పి గడియారంతో. ఎఫ్‌టీ8 అనేది నోబెల్ వచ్చిన జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ 2017లో తెచ్చిన పద్ధతి. ఒకరు పంపితే ఒకరు వింటూ, పదిహేను సెకన్లకో వంతు. మీ టైము, అవతలివాళ్ల టైము సెకను లోపు కలవాలి. తేడా మరీ పెరిగిందంటే వాటర్‌ఫాల్‌లో, అంటే సిగ్నళ్లు గీతల్లా కనిపించే తెరలో, గీతలు నిండుగా కనిపిస్తాయి, ఒక్క అక్షరం డీకోడ్ కాదు. జనం యాంటెన్నాని తిట్టుకుంటారు!

తమ్ముడూ, కెమెరా కాస్త దగ్గరికి తే. ఇదిగో, మదర్‌బోర్డు మీద బిళ్ల సెల్లు, సీఆర్2032. కంప్యూటర్ ఆపేసినా గడియారాన్ని నడిపేది ఇదే. మీటర్ పెడితే మూడు వోల్టుల దరిదాపుల్లో చూపించాలి. ఇది 2.4 చూపిస్తోంది. పక్కనున్న క్లిప్ నొక్కితే పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ వైపు పైకి పెట్టండి.

నెట్ ఉంటే క్రోనీ అనే ప్రోగ్రామ్ టైమ్ సరిచేస్తూ ఉంటుంది. కానీ మనం తుపాన్ల దారిలో ఉన్నాం. 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో గజపతి జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. నెట్ లేనప్పుడు యూఎస్‌బీ జీపీఎస్ పెట్టి, జీపీఎస్‌డీ అనే ప్రోగ్రామ్ ద్వారా క్రోనీకి టైమ్ అందించవచ్చు. నా లెక్కలో ర్యామ్ పెంచడం కంటే దీనికి పెట్టే డబ్బే దండగ కాదు.

ఇప్పుడు ఎఫ్‌టీ8 నడిపే ప్రోగ్రామ్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ తెరిచాను. రేడియో 7.074 మెగాహెర్ట్జ్‌లో ఉంది. డీకోడ్ మెనూలో ఫాస్ట్ పెట్టండి, డీప్ పెడితే పాత ప్రాసెసర్ రొప్పుతుంది. ఎడమ పక్క డీటీ కాలమ్ చూడండి, టైము తేడా సెకన్లలో చూపిస్తుంది. ఒకరిద్దరికి తేడా ఉంటే అది వాళ్ల గోల. అందరికీ ఒక్కలాగే 1.2 అని చూపిస్తే మాత్రం మీ గడియారం అంత ముందుందన్నమాట. మైనస్ వస్తే వెనకబడింది.

కేబుల్‌తో రేడియోని కంట్రోల్ చేయాలంటే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో (పోర్ట్ వాడుకునే అనుమతి ఉన్న గ్రూపు) కలిపి, ఒకసారి లాగౌట్ అయి రండి. పోర్ట్ దొరకడం లేదని అడిగేవాళ్లలో చాలామందికి ఇదే మిగిలి ఉంటుంది. ఇక వినడం వరకు వినండి, హ్యామ్‌లకి పెట్టే ఏఎస్‌ఓసీ పరీక్ష రాసి లైసెన్స్ చేతికొచ్చేదాకా సిగ్నల్ పంపే ఎనేబుల్ టీఎక్స్ బటన్ జోలికి మాత్రం పోకండి.