సీసాకు మూత బిగించిన వాళ్లదే పూచీ

మిత్రులందరికీ నమస్కారం.

1928 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని పైస్లీ పట్టణంలో మే డొనహ్యూ అనే ఆవిడ ఒక కేఫ్‌కి వెళ్లారు. వెంట ఉన్న మనిషి డబ్బులిచ్చి ఆవిడకు జింజర్ బీర్ (అల్లం రుచి ఉన్న సోడా లాంటి పానీయం) ఇప్పించారు. సీసా ముదురు రంగుది, లోపలేముందో కనపడదు. కొంత తాగాక మిగిలింది వంపితే కుళ్లిన నత్త బయటపడిందనీ, దానివల్లే జబ్బు పడ్డాననీ ఆవిడ ఫిర్యాదు.

కొన్నది ఆవిడ కాదు కనక కేఫ్ యజమానితో ఒప్పందం లేదు. తయారుచేసిన స్టీవెన్‌సన్‌తో అసలే లేదు. ఒప్పందం లేనప్పుడు తయారీదారు మీద దావా ఎలా నిలుస్తుందని స్టీవెన్‌సన్ తరఫువాళ్లు అన్నారు. తనకు అయిదు పౌండ్ల ఆస్తి కూడా లేదని ప్రమాణపత్రం ఇచ్చి మరీ ఆవిడ అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి అప్పీలు కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోరాడారు. ఆ తెగువకు నేను చేతులెత్తి మొక్కుతాను. 1932లో అయిదుగురిలో ముగ్గురు జడ్జీలు ఆవిడ పక్షాన నిలిచారు. మధ్యలో ఎవరూ విప్పి చూసే వీల్లేకుండా సరుకు పంపినవాడు, దాన్ని చివరికి వాడే మనిషి విషయంలో తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందేనని ఆ ముగ్గురిలో ఒకరైన లార్డ్ అట్కిన్ తేల్చారు. నత్త నిజంగా ఉందా లేదా అన్నది మాత్రం విచారణకే రాలేదు, తర్వాత రాజీ కుదిరింది.

నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేది 1935లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాల అప్పీళ్లు వినే లండన్ కోర్టు) ఇచ్చిన తీర్పు. ఆస్ట్రేలియాలో గ్రాంట్ అనే డాక్టరు కొత్త ఉన్ని లోదుస్తులు వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచి, నెలల తరబడి మంచం పట్టారు. మిల్లులో వాడిన సల్ఫైట్ రసాయనం బట్టలో మిగిలిపోయింది. మా పద్ధతిలో లోపమే లేదు, లక్షల బట్టలమ్మాం, ఒక్క ఫిర్యాదూ రాలేదంది మిల్లు. ఉతికి వేసుకుని ఉండాల్సిందని కూడా వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. పద్ధతి అంత పక్కాగా ఉంటే రసాయనం మిగలకూడదు, మిగిలిందంటే ఎవరో ఒకరు ఏమరుపాటుగా ఉన్నట్టే. ఆ ఒక్కరెవరో, ఏం తప్పు చేశారో వేలెత్తి చూపించే భారం డాక్టరుది కాదు.

ఇదే అసలు సంగతి. ఫ్యాక్టరీ గోడల వెనక ఏ షిఫ్టులో ఎవరు కునుకు తీశారో, ఏ మిషను కడగలేదో బయటివాళ్లం ఎలా చెప్తాం? రిజిస్టర్లు వాళ్లవి, పనివాళ్లు వాళ్ల మనుషులు. ఆ రుజువు కూడా మనల్నే తెమ్మంటే చట్టం ఉన్నా లేనట్టే.

అయితే వస్తువు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే లోపం ఉందని చూపించడం మామూలుగా మన వంతే. అందుకే దెబ్బ తగిలినా, జబ్బు చేసినా కోపంతో ఆ వస్తువును చెత్తబుట్టలో పారేయకండి. ప్యాకెట్టు, బ్యాచ్ నంబరు, బిల్లు, మిగిలిన సరుకు అన్నీ తీసి ఉంచండి. డాక్టరు చీటీ మీద తేదీ ఉందో లేదో చూసుకోండి.