మిగ్-21 ఎఫ్‌ఎల్: వెండిరంగు, డెకాల్స్

నాని: నమస్కారమండీ. ఇవాళ 1/72 కొలత (అసలు యుద్ధవిమానంలో 72వ వంతు) ప్లాస్టిక్ మోడల్ మిగ్-21 ఎఫ్‌ఎల్‌కి డెకాల్స్, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులు, వేద్దాం. రెక్కలు పోయినసారే అయిపోయాయి. మొదలెట్టనా బాబాయ్?

సత్తిబాబు: మనలా మోడల్స్ చేసే అమలాపురం వాళ్ళు, భీమవరం వాళ్ళు కొట్టిన వెండిరంగు తెల్లబారిపోతోందని గోల పెడుతుంటే డెకాల్ ఎక్కడ అంటిస్తావ్ రా?

నాని: సరే, స్పూన్‌తోనే మొదలెడతావుగా.

సత్తిబాబు: స్పూన్‌తోనే. ముందు పరీక్షకి ప్లాస్టిక్ స్పూన్ వీపు మీద ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మేది)తో రంగు కొట్టి పది నిమిషాలు ఆగండి. పాలపొర కమ్మితే ఆ పూట విమానం జోలికి పోవద్దు. లాకర్ రంగులో థిన్నర్ (రంగుని పలచన చేసే ద్రవం) గబగబా ఆవిరైపోతుంటే రంగు చల్లబడుతుంది. మన చుట్టూ చెరువులూ కాలవలూ, గాలినిండా తేమే. అదంతా ఆ చల్లటి పొర మీద వాలి లోపలే చిక్కడిపోతుంది.

నాని: అయితే వానాకాలం మానేయాలా?

సత్తిబాబు: అక్కర్లేదు. పొద్దున్నే కాకుండా ఎండెక్కాక కొట్టాలి. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిసిన థిన్నర్ వాడాలి. తెల్లబారిన చోట కూడా ఆ థిన్నర్నే ఒట్టిది పలచగా కొడితే పొర కరిగి తేమ పోతుంది. కారేలా కొడితే మాత్రం ప్యానెల్ గీతలు (రేకుల అతుకుల గీతలు) పూడిపోతాయి.

నాని: మరి చుక్కలు చుక్కలుగా గుంటలు పడుతున్నాయంటున్నారే?

సత్తిబాబు: అది గొట్టంలో నీళ్ళు. వాటర్ ట్రాప్ (గాలిలో నీళ్ళు పట్టేది) గాలి పంపే కంప్రెసర్ మూతికే బిగించి ఉంటారు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి తేమ ఆవిరిగానే ట్రాప్ దాటేస్తుంది, గొట్టంలో చల్లబడి నీళ్ళవుతుంది. ట్రాప్ ఎయిర్‌బ్రష్ పక్కన ఉండాలి. కంప్రెసర్ ట్యాంకు అడుగు మర పనయ్యాక విప్పి నీళ్ళు వదలాల్సిందే.

నాని: వెండిరంగు కింద మెరిసే నల్ల బేస్ తప్పదంటావు చూడు, దానికి నేనొప్పుకోను.

సత్తిబాబు: నలుపు లేకుండా మెరుపెక్కడిది?

నాని: అద్దంలా మెరిసే క్రోమ్‌కి కావాలి. 1971 యుద్ధం నాటి ఎఫ్‌ఎల్ క్రోమ్ బొమ్మా? ఎండకీ వానకీ మసకబారిన లోహం! ఆల్‌క్లాడ్ (లోహపు రంగుల బ్రాండు) మామూలు అల్యూమినియం షేడ్‌కి బూడిదరంగు ప్రైమర్ చాలు. 2000 నంబరు వాటర్ పేపర్ (సన్న ఉప్పుకాగితం) తడిపి రుద్దాలి, అంతే.

సత్తిబాబు: రుద్దడం దగ్గర మాత్రం నీ మాటే నా మాట. గీత ఒక్కటి మిగిలినా వెండిరంగు దాన్ని ఎత్తి చూపిస్తుంది. బేస్ సంగతి ఒప్పుకోను. స్పూన్ మీద సగం నలుపు, సగం బూడిద వేసి చూడమను.

నాని: చూడండి, నాకేం భయం లేదు! ఆల్‌క్లాడ్‌కి మాత్రం థిన్నర్ కలపకుండా 12-15 పీఎస్‌ఐ గాలి ఒత్తిడిలో పలచగా నాలుగైదు పొరలు. ముక్కు కోనూ, తోక పైకొసా లోహం కావు, వాటికి టేపు వేయడం మరవద్దు. ఇక డెకాల్స్. రంగులేని మెరిసే క్లియర్ పొర బాగా ఆరాక, గోరువెచ్చటి నీళ్ళలో 20-30 సెకన్లు. గరుకు మీద వేస్తే కింద గాలి చిక్కి అంచులు తళతళమంటాయి. సాఫ్టెనర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) రాశాక ముడతలు పడితే ముట్టుకోకండి, వాటంతటవే సర్దుకుంటాయి. మన వాయుసేన గుండ్రటి గుర్తులో బయట కాషాయం, నట్టనడుమ ఆకుపచ్చ.

సత్తిబాబు: సాఫ్టెనర్ కూడా ముందు...

నాని: స్పూన్ మీద.

సత్తిబాబు: అవును మరి. అక్కర్లేని డెకాల్ ఒకటి నీళ్ళలో వేసి చూడండి. షీట్ పాతదైతే అక్కడే ముక్కలవుతుంది. అలాంటిదానికి ముందే ఒక క్లియర్ పొర కొట్టాలి.

నాని: ఆ క్లియర్ కూడా లాకరేగా, తెల్లబారదూ?

సత్తిబాబు: బారుతుంది. నీ ట్రాప్‌లో నిన్నటి నీళ్ళు తీశావా?

నాని: తీస్తానుండు.