డెబ్భై వేలలో గేమింగ్ పీసీ: కోనసీమ కరెంటుకి సరిపడే లెక్క

(అమలాపురంలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ముందు వరసల్లో పిల్లలున్నారు, వెనకాల చేతులు కట్టుకుని వాళ్ల నాన్నలున్నారు. ఎంచుకునేది వీళ్లు, డబ్బు కట్టేది వాళ్లు. అందుకని ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడతాను.

పార్టులు తెచ్చి కంప్యూటర్లు బిగించడం నా పని. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లు చాలామంది యూట్యూబ్‌లో చూసి రాసుకున్న లిస్టుతోనే వస్తారు. తప్పుపట్టడానికి లేదు, చాలావరకు మంచి లిస్టులే. కాకపోతే అవి ఢిల్లీలోనో బెంగళూరులోనో ఏసీ గదిలో కూర్చుని వేసినవి. వాటిలో కరెంటు పోతే కాసేపు ఆదుకునే యూపీఎస్ ఉండదు, ఎర్తింగ్ ఊసుండదు, ఉప్పుగాలి ప్రస్తావన ఉండదు. నాన్నగారు 70 వేలు ఇస్తానన్నారనుకోండి. అందులో పది వేలు ముందే కరెంటు ఖాతాలోకి తీసెయ్యండి. అంటే మిషన్‌లోని పార్టులకి కరెంటు పంచే పవర్ సప్లై డబ్బాకి, యూపీఎస్‌కి. ఆడుకునే మిషన్ మిగతా 60 వేలల్లో రావాలి. ఈ పది వేలకి మాత్రం ఎవరు ఎంత ఊరించినా చెయ్యి పెట్టకూడదు.

మరి 60 వేలు ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ మిషన్‌కి మెదడులాంటి ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. నేను మానిటర్ దగ్గర మొదలుపెట్టమంటాను. ఎందుకంటే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఎంత కష్టపడాలో నిర్ణయించేది తెరే. 1080పీ తెర మీద దాదాపు 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. 1440పీ అయితే దగ్గర దగ్గర 37 లక్షలు. 4కే అయితే 83 లక్షలకి దగ్గర, అంటే 1080పీకి సరిగ్గా నాలుగింతలు. సెకనుకి 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి కార్డుకి దొరికే సమయం 16.7 మిల్లీ సెకన్లు. ఆ కాస్త సమయంలో 83 లక్షల చుక్కలకి రంగు వెయ్యగల కార్డు మన బడ్జెట్‌లో లేదు. కాబట్టి 1080పీ, వీలైతే 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 బొమ్మలు చూపించగల తెర. దానికి ఎనిమిదీ తొమ్మిదీ వేలు పక్కన పెట్టుకోండి. అక్కడితో ఆ ముచ్చట ఆపేయండి.

ఇక కార్డు. 60లో పాతిక వేల దాకా దీనికే పోతుంది, పోవాలి కూడా. ఆ రోజు రేటుని బట్టి ఆర్ఎక్స్ 7600 గానీ, ఇంటెల్ ఆర్క్ బీ580 గానీ, కాస్త సాగదీస్తే ఆర్టీఎక్స్ 5060 గానీ చూడండి. ఆర్క్ కార్డులో 12 జీబీ మెమరీ ఉంది, మిగతా రెండింటిలో 8 జీబీ. 8 జీబీ చాలదని ఇంటర్నెట్‌లో పెద్ద గోల నడుస్తోంది. గోలలో నిజముంది. కానీ 1080పీలో ఆడుతూ, ఆటలో వస్తువుల పైపూత ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే టెక్స్చర్ సెట్టింగు ఒక మెట్టు దించడానికి బాధపడకపోతే మన బడ్జెట్‌కి 8 జీబీ నడుస్తుందనే నా అభిప్రాయం. ఆర్క్ కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. పార్టులన్నీ తగిలించే మదర్‌బోర్డులో, కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండి, ఆన్ చేసి ఉండాలి. లేకపోతే కార్డు సగం నిద్రలో ఉన్నట్టు పనిచేస్తుంది. పాత మిషన్‌లో దాన్ని పెట్టకండి.

ప్రాసెసర్, కార్డు ఒక కాడికి కట్టిన ఎడ్లలాంటివి. ఒకటి బలంగా, ఒకటి నీరసంగా ఉంటే బలమైనది కూడా నీరసమైన దాని నడకే నడవాలి. మన కార్డుకి 6 కోర్ల ప్రాసెసర్, అంటే లోపల పనిచేసే భాగాలు ఆరున్నది, జోడు సరిపోతుంది: ఏఎండీలో రైజెన్ 5 5600, ఇంటెల్‌లో కోర్ ఐ5-12400. రెండూ 2022లో వచ్చినవి. కొత్తవి కాదుగా అని మొహం చిట్లించకండి, ఈ స్థాయి కార్డుకి ఇంతకంటే ఖరీదైనది పెట్టినా తేడా పెద్దగా కనిపించదు.

ఇక్కడ నాన్నలు కాస్త చెవి ఇటు పెట్టండి. ఐ5-12400 రెండు రకాలుగా దొరుకుతుంది. చివర ఎఫ్ అక్షరం ఉన్నది కొంచెం చవక. అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. రైజెన్ 5 5600 కూడా అంతే. బెంగళూరు కుర్రాడికి ఇది సమస్య కాదు, సర్వీస్ సెంటర్ ఊళ్లోనే ఉంటుంది. మన కార్డు పాడైతే వారంటీ కోసం విజయవాడో హైదరాబాదో పంపాలి. అది తిరిగొచ్చేదాకా పిల్లాడి ప్రాజెక్టు వర్కు, ఆన్‌లైన్ పరీక్ష అన్నీ ఆగిపోతాయి. అందుకని మన ఊళ్లకి నేను ఎఫ్ లేనిదే కొనమంటాను. ఆ కాస్త తేడా దండగ కాదు.

ర్యామ్, అంటే మిషన్ నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ సంగతి చెప్పాలంటే నాకే బెంగగా ఉంది. పాత వీడియోల్లోని ర్యామ్ రేట్లు మర్చిపోండి. 2025 చివర్నుంచి ధరలు మండిపోతున్నాయి. ప్రపంచంలో ఈ చిప్పులు తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రధానంగా మూడే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకి కావలసిన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి మూడూ అటు మొగ్గాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ అయితే మనలాంటివాళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారమే మూసేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో ఎవరో ఏఐకి ప్రశ్న వేస్తే అంబాజీపేటలో పిల్లాడి కంప్యూటర్ ఖరీదు పెరుగుతోందండీ, ఏం చేస్తాం.

చేయగలిగింది ఒకటుంది. డీడీఆర్4 అనే ముందు తరం ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో కొనడం. నేను సెకండ్ హ్యాండ్‌కి భయపడకుండా ఊఁ అనే పార్టు ఇదొక్కటే. తిరిగే భాగాలుండవు, అరుగుదల దాదాపు ఉండదు, మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రాంతో రాత్రంతా పరీక్ష పెడితే మంచిచెడ్డలు బయటపడతాయి. కొనేటప్పుడు మాత్రం 8 జీబీవి రెండు, ఒకే రకానివి తీసుకోండి. ఒకే 16 జీబీ కర్ర పెడితే ప్రాసెసర్‌కి ఒక దారే తెరుచుకుంటుంది, రెండు పెడితే రెండు దారులూ పనిచేస్తాయి. ఆటలో కుదుపులు తగ్గుతాయి.

ఎస్ఎస్‌డీ గురించి, అంటే గేములూ ఫైళ్లూ దాచుకునే పార్టు గురించి, పెద్దగా చెప్పేదేం లేదు. ఎన్‌వీఎంఈది తీసుకోండి. 500 జీబీతో సరిపెట్టుకుందాం అనుకుంటే, ఒక్కో పెద్ద గేమ్ 100 జీబీ దాటుతోందని గుర్తుంచుకోండి. 1 టీబీ మేలు.

ఇప్పుడు మన జిల్లాలో బాగా నడుస్తున్న ఒక వ్యాపారం గురించి. ‘ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, రంగుల ఫ్యాన్లు’ అని ప్రకటన ఉంటుంది. రేటు చూస్తే నోరూరుతుంది. ఇంట్లోవాళ్లు కూడా ఐ5 కంటే ఐ7 పెద్దది కదా అనుకుంటారు. అందులో ఉండేది చాలాసార్లు ఐ7-2600 గానీ ఐ7-3770 గానీ. మొదటిది 2011లో వచ్చింది, రెండోది 2012లో. ఆ సంవత్సరం పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు! పేరులో గీత తర్వాత వచ్చే నంబరులో చివరి మూడంకెలు తీసేస్తే మిగిలేది ఎన్నో తరమో చెబుతుంది. 2600 అంటే రెండో తరం, 3770 అంటే మూడో తరం, 12400 అంటే పన్నెండో తరం.

పాతదైతే మెల్లగా నడుస్తుంది, అంతేగా అనుకోవద్దు. వీటిలో ప్రాసెసర్ అర్థం చేసుకునే ఏవీఎక్స్2 అనే సూచనల వరస లేదు, అది 2013లో వచ్చిన నాలుగో తరంతో మొదలైంది. కొన్ని కొత్త గేములు అది లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. విండోస్ 11 అధికారికంగా, ఒకటీ అరా మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వాలొరాంట్ గేమ్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ అడుగుతుంది. ఇవేవీ ఆ డబ్బాలో సరిగా దొరకవు. చెప్పినా వినకుండా కొనేసి, గేమ్ ఓపెన్ కావడం లేదని నా దగ్గరికి తెస్తే నేను మాత్రం ఏం చేయను? బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాలి, అంటే కొత్తది కొనడమే.

సరే, పది వేల ఖాతాకి వద్దాం. ఈ టేబుల్ మీద రెండు పవర్ సప్లైలు పెట్టాను. కంపెనీ పేర్ల మీద టేపు వేశాను, పేర్లతో మనకి పని లేదు. ఎడమ చేతిలోది ఎత్తి చూడండి, టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంది. మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు. పక్కనున్న స్టిక్కర్‌లో చిన్న గడులున్నాయి, అందులో 12 వోల్టుల గడి చదవండి. 16 ఆంపియర్లు. 12ని 16తో గుణించండి. 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది ఈ 12 వోల్టుల నుంచే. ఆర్టీఎక్స్ 5060 ఒక్కటే 145 వాట్లు. ప్రాసెసర్ మీద 65 అని రాసి ఉన్నా గట్టిగా పనిచేసేటప్పుడు అంతకంటే ఎక్కువే లాగుతుంది. ఇక ఆ 450 ఎక్కడుంది? స్టిక్కర్ మీదుంది.

కుడి చేతిలోది 550 వాట్లు. 12 వోల్టుల గడిలో 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు. రాసిందానికీ ఇచ్చేదానికీ పొంతన ఉంది. ఇన్‌పుట్ దగ్గర చూడండి, 100 నుంచి 240 వోల్టులు అని ఉంది. అల్లవరం, ఉప్పలగుప్తం వైపు రాత్రిపూట రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరిగే వేళ, లైను చివరి ఇళ్లకి వోల్టేజీ పడిపోవడం మనకి తెలియంది కాదు. ఇలాంటిది దాన్ని తట్టుకుంటుంది. ఎడమ దాని వెనకాల 115, 230 అని మార్చుకునే ఎర్ర స్విచ్ ఉంది. ఆ స్విచ్ కనపడితే అది పాతకాలపు డిజైన్ అని గుర్తు, అక్కడే పెట్టేసి రండి.

యూపీఎస్‌కి కూడా లెక్క వేద్దాం. కార్డు 145, ప్రాసెసర్ 80, బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ కలిపి 40, మానిటర్ 25. మొత్తం 290. యూపీఎస్ మీద సామర్థ్యం వీఏలలో రాస్తారు, అది వాట్లు కాదు. మామూలుగా అందరూ కొనే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ కార్డు ఒక్క క్షణం ఎక్కువ లాగిందంటే కూతపెట్టి ఆగిపోతుంది. 1000 వీఏది, 600 వాట్లు ఇచ్చేది తీసుకోండి. కొనే ముందు షాపులోనే మీ మిషన్ తగిలించి, గేమ్ నడుస్తుండగా ప్లగ్ పీకి చూపించమనండి. కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లమెట్ల కరెంటు కొన్ని మంచి పవర్ సప్లైలకి పడదు, టక్కున ఆగిపోతాయి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, ఇదెందుకు అంటారు. లైను కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొంత నయమే. దాని వెనకాల యూపీఎస్, ఎకో అని చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని యూపీఎస్ వైపు పెట్టండి. కరెంటు పోయాక పవర్ సప్లై తనలో ఉన్న దాంతో ఊపిరి బిగబట్టి ఉండేది సుమారు 16, 17 మిల్లీ సెకన్లే. ఇందాక చెప్పుకున్న ఒక్క బొమ్మ గీసేంత సమయం! ఆ లోపు ఇన్వర్టర్ అందుకోవాలి. ఎకోలో ఉంటే అందుకోలేదు, మిషన్ రీస్టార్ట్ అవుతుంది.

ఎర్తింగ్ గురించి రెండు మాటలు. క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చేతికి చిమచిమలాడుతోందా? అది మిషన్ తప్పు కాదు, మీ గోడ సాకెట్‌కి ఎర్త్ అందడం లేదు. ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. నాలుగడుగులు తవ్వితే తడి తగిలే నేల మనది, ఎర్తింగ్‌కి ఇంతకంటే మంచి నేల ఎక్కడ దొరుకుతుంది? అయినా కొత్త ఇళ్లలో కూడా మూడో పిన్ను ఉత్త అలంకారంగా ఉండటం చూస్తూనే ఉన్నాను. ఉరుములు మొదలవగానే ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకెయ్యండి. పిడుగు దారి ఆ తీగే అవుతుంటుంది.

క్యాబినెట్‌కి ముందు వైపు జాలీ ఉన్నది కొనండి, అద్దం ఉన్నది వద్దు. మే నెలలో మన ఉక్కపోతకి లోపలికి గాలి వెళ్లాలి. కొబ్బరి పీచు మిల్లుల పక్కనున్నవాళ్లు, ధాన్యం మిల్లుల పక్కనున్నవాళ్లు నెలకోసారి బ్లోయర్ పట్టండి. ఓడలరేవు, అంతర్వేది వైపు వాళ్లు మిషన్‌ని సముద్రం వైపు కిటికీ కింద మాత్రం పెట్టకండి. ఉప్పుగాలికి స్క్రూలు, కనెక్టర్లు తుప్పు పడతాయి.

బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామంటారు. కంప్యూటర్ పార్టుల మీద జీఎస్టీ 18 శాతం కాబట్టి ఆశ పుట్టడం సహజం. కానీ బిల్లు లేకపోతే వారంటీ అడిగే మొహం మనకుండదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, రాజమండ్రిలో కొన్నా, కార్డు, బోర్డు, ప్రాసెసర్ సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. పార్సిల్ వస్తే విప్పేటప్పుడు మొదటి టేపు కోసే దగ్గర్నుంచి వీడియో తీయండి.

ఇంటికి తెచ్చాక మానిటర్ కేబుల్ కార్డుకే తగిలించండి, పైనున్న బోర్డు రంధ్రానికి కాదు. నవ్వకండి, కొత్త కార్డు స్లో అని ఫోన్ చేసేవాళ్లలో సగంమంది చేసే పని ఇదే. మిగతా సగంమంది 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ సెట్టింగులో 60 దగ్గరే వదిలేస్తారు. ఆ రెండూ సరిచూసుకున్నాక, రిటర్న్ గడువు లోపలే రోజూ రెండు మూడు గంటలు గట్టిగా ఆడించండి. నాన్నగారు కేకలేస్తే టెస్టింగ్ అని చెప్పండి. నిజంగా టెస్టింగేనండీ అది.

ఇక మీ లిస్టులు ఇటివ్వండి. ఒక్కొక్కటీ చూస్తాను.