పరజలు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడెళ్ళాయి?

శ్రోతలకు నమస్కారం.

చలికాలం వస్తోందంటే కొల్లేటికి, పులికాట్‌కి, మంజీరకు, కొన్ని ఊరి చెరువులకు కూడా అడవి బాతులు దిగుతాయి. పరజలని పిలుచుకుంటాం. సైబీరియా, కజకిస్తాన్ లాంటి చోట్ల పిల్లల్ని పెంచుకుని, అక్కడి నీళ్ళు గడ్డకట్టకముందే బయల్దేరతాయి. పగటి పొద్దు తగ్గుతుంటే వాటి ఒంట్లో ప్రయాణానికి సన్నాహం మొదలవుతుంది, కొవ్వు పేరుకుంటుంది. ఏ రాత్రి ఎగరాలన్నది మాత్రం గాలివాటం, చలి తేల్చాలి. అందుకే ఏటా ఒకే తేదీకి రావు.

మన దేశంలో 1927లోనే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, పక్షులు ఎక్కడెక్కడ తిరుగుతాయో తెలుసుకోవడానికి వాటి కాళ్ళకు నంబరు వేసిన రింగులు తొడగడం మొదలుపెట్టింది. ఇప్పుడైతే వీపున చిన్న సోలార్ ట్రాన్స్‌మిటర్ కడితే పక్షి దారి శాటిలైట్ ద్వారా తెలిసిపోతుంది. కానీ కట్టగలిగేది కొన్నింటికే. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు జరుగుతోంది. ఎన్ని ఉన్నాయో అది చెబుతుంది, ఎప్పుడొచ్చాయో చెప్పదు. ఆ మాట చెప్పగలిగేది రోజూ చెరువు గట్టున నడిచే మీరే, చేపల చెరువుల దగ్గర కాపలా ఉండే మీరే.

మొదటి గుంపు దిగిన రోజు అందరికీ గుర్తుంటుంది. చివరి గుంపు వెళ్ళిన రోజే జారిపోతుంది. చూస్తున్నప్పుడు అవే ఆఖరివని ఎవరికి తెలుస్తుంది? అందుకే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాటేదాకా వారానికోసారి, ఒకే చోట, ఒకే వేళకు చూసి నోట్‌బుక్‌లో రాయండి. ఏమీ కనబడకపోతే "లేవు" అని తప్పకుండా రాయండి. పోయిన వారం లేవు, ఈ వారం ఉన్నాయి అంటే ఈ మధ్యలోనే దిగాయన్నమాట. ఖాళీగా వదిలేస్తే అవి రాలేదో, మీరు వెళ్ళలేదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

సూదితోక బాతుల్లో మగదాన్ని తెల్లటి మెడ, పొడవాటి తోకను బట్టి ఇట్టే పోల్చుకోవచ్చు. కానీ ఇక్కడికి రాకముందు, వాటి సొంత చోట వేసవిలో రెక్కల ఈకలన్నీ ఒక్కసారే రాలిపోయి అవి కొన్ని వారాలు ఎగరలేవు. ఆ రోజుల్లో మగవీ ఆడవాటిలా గోధుమరంగులోకి మారిపోతాయి. మన దగ్గర దిగిన కొత్తలో చాలావాటికి ఆ రంగు ఇంకా పోదు. పుస్తకం బొమ్మలో ఉన్నట్టు లేవని కొట్టేయకండి. పేరు తేలకపోతే "ఏవో బాతులు, సుమారు ఇన్ని" అని రాసినా పనికొస్తుంది. ఈల వేసినట్టు అరిచే బాతులు, ముక్కు చివర పసుపు మచ్చ ఉన్న బాతులు ఏడాది పొడవునా ఇక్కడే ఉండేవి కాబట్టి వాటిని వేరేగా రాసుకోండి.

ఫోన్ ఉన్నవాళ్ళు ఇదంతా, చూసిన పక్షుల వివరాలు నమోదు చేసుకునే ఈబర్డ్ యాప్‌లో పెట్టవచ్చు. లేనివాళ్ళు తేదీ, చెరువు పేరు వేసి నోట్‌బుక్ భద్రంగా దాచండి.

నమస్కారం.