సెకండ్ హ్యాండ్ బండికి మొదటి చలికాలం

(అమీర్‌పేటలో ఉద్యోగులు, విద్యార్థులు ఉండే ఒక హాస్టల్‌లో డిసెంబరు ఆదివారం ఉదయం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామందికి ఈ వారం బండి స్టార్టింగ్ ట్రబుల్ ఇచ్చి ఉంటుందని నా అనుమానం. చేతులెత్తక్కర్లేదు, ముఖాలు చూస్తే తెలిసిపోతోంది.

ముందే ఒక మాట. హైదరాబాద్ చలి బండిని పాడుచేసేంత చలి కాదు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మామూలుగా 13, 15 డిగ్రీలు ఉంటుంది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి వైపు కొన్ని రోజులు 10 కంటే కిందికి దిగుతుంది. అంతే. మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది, అందుకే చాలామంది అక్కడ బండిని నెలల తరబడి షెడ్డులో పెట్టేస్తారు. యూట్యూబ్‌లో మీరు చూసే చలికాలం వీడియోలు చాలావరకు వాళ్ల కోసం చేసినవి. మన దగ్గర చలి చేసే పని వేరు. ఎండాకాలమంతా ఎలాగోలా నెట్టుకొచ్చిన బ్యాటరీని, అరిగిన ప్లగ్‌ను, ఎండిపోయిన కేబుల్‌ను అది బయటపెడుతుంది. పాత బండి కొన్నవాడికి అది మేలే. అమ్మినవాడు చెప్పని సంగతి జనవరి పొద్దున ఆరింటికి బండే చెప్పేస్తుంది.

కాగితాల గురించి రెండు ముక్కలు. ఆర్‌సీ మీ పేరు మీదకు మారాలి. ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవాళ్ల సంతకం తీసుకోండి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలని చట్టం చెప్తోంది. అమ్మినవాళ్లు లోన్ మీద కొన్న బండయితే, ఆ లోన్ తీరినట్టు ఫారం 35 కూడా కావాలి. చలాన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో డబ్బులిచ్చే ముందే చూసుకోండి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోండి, లేకపోతే రేపు బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఇక బండి దగ్గరికి వద్దాం.

నా పద్ధతి ఒక్కటే. బిల్లు చూపించని సర్వీసు జరగనట్టే లెక్క. "మొన్ననే ఆయిల్ మార్పించాను బ్రో" అన్న మాటకు విలువ లేదు. బండి చేతికొచ్చిన వారంలో ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ మార్చేయండి, బ్రేకులు విప్పించి చూడండి. ఆ రోజు కిలోమీటర్ రీడింగ్ ఫోన్‌లో రాసుకోండి. మీటర్ మీద ఉన్న అంకెను మాత్రం మరీ నమ్మకండి. 18 వేలు తిరిగిందంటూ బ్రేక్ పెడల్ నున్నగా అరిగిపోయి, ఫుట్‌రెస్ట్ రబ్బరు చీలికలు పేలికలై ఉంటే, ఆ 18 ముందు ఇంకో అంకె ఉండేదేమో ఆలోచించండి.

ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని, అంటే గేరు బండ్లకు పనికొచ్చే ఆయిల్ అని తెలిపే గుర్తు, ఉందో లేదో చూడండి. గేరు బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల ఆయిల్‌లో జారుడు పెంచే పదార్థాలు కలుపుతారు. అది పోస్తే క్లచ్ స్లిప్ అవుతుంది, పికప్ పోతుంది. స్కూటర్ల కోసం వచ్చే ఎంబీ ఆయిల్ కూడా గేరు బండికి పనికిరాదు. ఇక గ్రేడ్, అంటే ఆయిల్ ఎంత చిక్కన అన్న సంగతి. 10డబ్ల్యూ-30 అని కంపెనీ చెప్తే అదే పోయండి, 20డబ్ల్యూ-50 అని చెప్తే అదే పోయండి. చలికాలం కదా పలచటిది పోద్దామంటే ఒప్పుకోకండి, మన 12 డిగ్రీలకు 20డబ్ల్యూ-50 కూడా బాగానే పారుతుంది. ఇంజిన్ ఫ్లష్‌లు, మైలేజీ పెంచే సీసాలు నా దృష్టిలో డబ్బు దండగ. ఆ డబ్బుతో 500 కిలోమీటర్ల తర్వాత ఆయిల్ ఇంకోసారి మార్చండి, లోపలి మడ్డి దానంతటదే దిగిపోతుంది.

ఆయిల్ కొలవడంలోనే చాలామంది తప్పుతారు. సైడ్ స్టాండ్ మీద ఒరిగిన బండిలో కొలత సరిగ్గా రాదు. చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు ఆన్ చేసి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే పుల్ల తీసి, గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. ఇక్కడే మెలిక ఉంది. చాలా హీరో, హోండా బండ్లలో దాన్ని మర తిప్పి బిగించకుండా, ఊరికే ఆనించి కొలవాలి. బిగించి కొలిస్తే ఆయిల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీరు సరిపోయిందనుకుంటారు, ఇంజిన్ మాత్రం తక్కువ ఆయిల్‌తో తిరుగుతుంటుంది. మీ బండిది ఏ పద్ధతో మాన్యువల్‌లో ఉంటుంది.

డిప్‌స్టిక్ బయటికి తీశారు కాబట్టి ఆయిల్ రంగు కూడా చూడండి. 2020 అక్టోబరులో మన ఊళ్లో వరదలొచ్చి కాలనీలు, సెల్లార్లు మునిగాయి. వేల బండ్లు నీళ్లలో నానాయి. తర్వాత ప్రతి వానాకాలం ఎక్కడో ఒకచోట అదే కథ. ఆ బండ్లన్నీ తుక్కుకు వెళ్లలేదు, కడిగి అమ్మినవీ ఉన్నాయి. ఆయిల్ మొత్తం పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయని అర్థం, ఆ బండి తీసుకోకండి, తీసుకుని ఉంటే ఇంజిన్ విప్పించండి. అయితే మూత లోపల మాత్రమే కొంచెం తెల్లటి నురగ కనిపిస్తే కంగారు పడకండి. చలికాలంలో రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరై పోక అలా పేరుకుంటుంది. వారానికోసారి అరగంట ఆపకుండా నడిపితే పోతుంది. ఇదే తేమ సైలెన్సర్‌ను కూడా లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. పక్క వీధిలో టీకి బండి వేసుకెళ్లే అలవాటున్నవాళ్లు నడిచి వెళ్తే బండికీ మంచిది, మీకూ మంచిది.

బ్యాటరీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చలికాలంలో నా దగ్గరకొచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. లోపల జరిగేది రసాయన చర్య, చల్లబడితే అది మందగిస్తుంది. అదే సమయంలో చల్లటి ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిరగడానికి ఎక్కువ బలం అడుగుతుంది. రెండూ ఒకేసారి మీద పడతాయి. రాత్రంతా ఆపిన బండికి పొద్దున మల్టీమీటర్, అంటే వోల్టులు కొలిచే మీటర్ పెట్టండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఢోకా లేదు. 12.2 అంటే సగమే చార్జి ఉంది. ఇంజిన్ ఆన్ చేసి కొంచెం రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే తప్పు బ్యాటరీది కాదు, చార్జింగ్‌ది. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా నెలలో అదీ చచ్చిపోతుంది. మీటర్ లేనివాళ్లు సెల్ఫ్ నొక్కేటప్పుడు న్యూట్రల్ లైటు చూడండి. కాస్త మసకబారితే మామూలే, మొత్తం ఆరిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే. సెల్ఫ్‌ను ఐదు సెకన్లకు మించి నొక్కి పట్టుకోకండి. పది పదిహేను సెకన్లు ఆగి మళ్లీ నొక్కండి. బ్యాటరీ విప్పాల్సి వస్తే మైనస్ వైరు ముందు తీయాలి, బిగించేటప్పుడు అదే చివర.

పొద్దున స్టార్ట్ చేసే తీరు బండిని బట్టి ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక మన కొత్త బండ్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వాటికి తాళం తిప్పగానే సెల్ఫ్ నొక్కకండి. లోపల పెట్రోలు పంపు సన్నగా గుయ్యిమని ఆగుతుంది, అప్పుడు నొక్కండి. అంతకు ముందున్న కార్బురేటర్ బండ్లకు చోక్ లాగి, ఎక్స్‌లేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టండి. ఇంజిన్ అందుకున్నాక అర నిమిషం, నిమిషంలో చోక్ తీసేయండి. మరిచిపోయి ఆఫీసు దాకా అలాగే వెళ్తే ప్లగ్ నల్లగా మసిబారి, సాయంత్రం అక్కడే మొరాయిస్తుంది. పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం కూడా అనవసరం, అపార్ట్‌మెంటు మొత్తానికీ పొగ. నిమిషం చాలు, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. సైలెన్సర్‌లోంచి తెల్లటి ఆవిరి వచ్చి కాసేపటికి ఆగిపోతే అది తేమ మాత్రమే. నీలం పొగ వస్తూనే ఉంటే ఆయిల్ కాలుతోంది, రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి.

టైర్లు. పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలున్న వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు బాగానే ఉన్నా వయసు మీరితే రబ్బరు గట్టిపడిపోతుంది, చల్లటి తడి రోడ్డు మీద పట్టు ఉండదు. అక్టోబరు మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి డిసెంబరు తెల్లవారేసరికి, లీకేమీ లేకపోయినా, రెండు రెండున్నర పీఎస్‌ఐ (గాలి మీటర్ మీద కనిపించే ఒత్తిడి కొలత) తగ్గి ఉంటుంది. గాలి చెక్ బండి బయటికి తీసిన వెంటనే, టైరు వేడెక్కక ముందే చేయించండి. పదిహేను రోజులకోసారి చాలు.

చైన్‌కు కాలిన ఇంజిన్ ఆయిల్ రాయడం మన ఊరి మెకానిక్‌లకు అలవాటు. ఫ్రీగా వస్తుంది కదా! దానికి మెట్రో పిల్లర్ల కింది దుమ్మంతా అంటుకుని పళ్లను అరగదీస్తుంది. కిరోసిన్‌తోనో చైన్ క్లీనర్‌తోనో తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ గానీ చైన్ స్ప్రే గానీ వేయండి. పెట్రోలు వద్దు. వేసేటప్పుడు బండి న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆఫ్‌లో, చక్రం చేత్తో తిప్పుతూ వేయాలి. ఇంజిన్ ఆన్ చేసి గేరులో తిప్పుతూ గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రం, దాని పళ్లు ఒక పక్కకు వంకర తిరిగి ఉంటే చైన్ ఒక్కటే మార్చకండి, సెట్ మొత్తం మార్చండి.

బ్రేకుల్లో మిగుల్చుకోవాలని చూడకండి. పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో విడిభాగాలు చవగ్గా దొరుకుతాయి, అద్దాలు, లివర్లు అక్కడే కొనుక్కోండి. లైనర్లు, డిస్క్ ప్యాడ్లు మాత్రం కంపెనీవే వేయించండి. చాలా డ్రమ్ బ్రేకుల్లో వెనక చక్రం దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కి పట్టినప్పుడు ఆ బాణం గీత దగ్గరకు చేరితే లైనర్లు అయిపోయినట్టు. డిస్క్ బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. పాత బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా అడగండి, చాలామంది అసలు మార్చరు.

ఆరుబయట పెట్టేవాళ్ల బండ్ల మీద మంచు పడుతుంది. తడి మీదే ప్లాస్టిక్ కవర్ కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది. తుడిచి, గాలాడే గుడ్డ కవర్ కప్పండి, సైలెన్సర్ చల్లారాక. సెల్లార్‌లో పెట్టేవాళ్లకు ఎలుకలతో ఇంకో తలనొప్పి. ఉన్నట్టుండి ఒక ఇండికేటర్ పనిచేయకపోతే బల్బు కొనే ముందు సీటు కింద వైర్లు చూడండి.

జనవరిలో మన రోడ్ల మీద చలికన్నా ప్రమాదకరమైనది మాంజా. సింథటిక్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. అయినా అమ్ముతూనే ఉన్నారు. 2024 సంక్రాంతి ముందు లంగర్‌హౌజ్ దగ్గర బైక్ మీద వెళ్తున్న ఒక జవాను మెడకు అది చుట్టుకుని చనిపోయాడు. ఆ పది పదిహేను రోజులు హెల్మెట్ అద్దం దించే ఉంచండి, మెడకు మందపాటి మఫ్లర్ చుట్టండి. ఫ్లైఓవర్ల మీద స్పీడు తగ్గించండి. హ్యాండిల్‌కు బిగించే ఇనుప కడ్డీలు దొరుకుతాయి, అవి పెట్టించుకుంటే నేను కాదనను.

పండక్కి ఊరెళ్లి వారం పది రోజులు బండి వదిలేసేవాళ్లు సెంటర్ స్టాండ్ వేసి, కార్బురేటర్ బండికి పెట్రోల్ కాక్ కట్టేసి వెళ్లండి, అంతకంటే ఏమీ అక్కర్లేదు. నెల దాటితే ట్యాంకు నిండా పోయించండి, ఖాళీ చోటు ఉంటే తేమ చేరి తుప్పు పడుతుంది. బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. తిరిగొచ్చాక సెల్ఫ్ నొక్కే ముందు టైర్లలో గాలి, బండి కింద ఆయిల్ మరకలు చూడండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మల్టీమీటర్ ఒకటి తెచ్చాను. బ్యాటరీ చూపించుకోవాలనుకునేవాళ్లు రూములోంచి తాళం చెవి తెచ్చుకోండి, ఇంజిన్ మాత్రం ఇప్పుడే ఆన్ చేయకండి.