గెట్టు మీద చెట్టు ముచ్చట

అందరికి నమస్తే, అన్నలు, అక్కలు, పెద్దలు. మన దేవరకొండ దిక్కు చెల్కలు ఎట్లుంటయో నేను చెప్పుడేంది, మీకే ఎర్క. జానెడు ఎర్రమట్టి, దాని కింద మొరం. వానేమో ఒక్క పొద్దుమీకి దంచి కొట్టి పోతది, ఆ ఎర్రనీళ్లల్ల మీరు పోసిన పెంట, చల్లిన డీఏపీ అన్ని కలిసి పోయి చెర్వుల పడ్తయి. గెట్టు గట్టిగుంటె ఇంత పోదు. కని ఇటు మనం ఒక సాలు, అటు పక్కాయన ఒక సాలు కోసుకుంట పోయి గెట్టును దారమంత చేసినం గద.

మెట్ట సాగు మీద పనిచేసెతందుకు సర్కారు 1985ల హైదరాబాద్ సంతోష్‌నగర్ల క్రిడా అనే పరిశోధన సంస్థ పెట్టింది. దాని పొలం ఒకటి హయత్‌నగర్ల ఉన్నది, ఇంకోటి మనకు దగ్గరే, యాచారం మండలం గునేగల్ల. మనసొంటి ఎర్రనేలలకు వాళ్లు చెప్పేది గెట్ల మీద గ్లైరిసీడియా పెట్టుమని, అదే గిరిపుష్పం, గులాబి పూలు పూస్తది, రోడ్ల పక్కన చూసే ఉంటరు. వేర్లు గెట్టును పట్టుకుంటయి, ఆకు కోసి దుక్కిల కలిపితె ఎరువు, ఎండిన ఆకుల నూటికి రెండు మూడు పాళ్లు నత్రజని ఉంటది. ఇంకో సుఖమేందంటె పచ్చి ఆకు వాసనకు అలవాటు లేని మేకలు తొందరగ ముట్టయి, పంట కోసినంక మంద ఇడిసే మన ఊర్లల్ల గది చిన్న ముచ్చటనా?

కొమ్మ నాటినా బతుకుతది గని విత్తనమే మేలు, తల్లివేరు లోతుకు పోతది. రాత్రి నానబెట్టి కవర్లల్ల పెట్టుండ్రి, వానలు పడ్డంక మూరెడు ఎడంతోని నాటుండ్రి. మొదటేడు కొట్టొద్దు. తర్వాత నడుమెత్తుల కొట్టుకుంట పోవాలె, జూన్ల ఒకసారి, నవంబర్ల ఒకసారి, మార్చిల ఒకసారి. నీడకు పంట చెడ్తదని కొందరు అంటరు, కొట్టకుంట ఇడిస్తె చెడదా మరి!

నీళ్లు గెట్టు తెంపే కాడ మాత్రం ఇది ఒక్కటే ఆపదు, అక్కడ వట్టివేరు దుబ్బులు వాలుకు అడ్డంగ దగ్గర దగ్గర పెట్టాలె, దాని వేర్లు పక్కలకు పాకయి, నిలువుగ పదడుగుల దాక దిగుతయి.

గునేగల్ పోయి చూద్దామన్నోళ్లు ఇప్పుడే పేర్లు రాయించుండ్రి, ఆటోలు మాట్లాడుదాం, తొలకరికి ముందే పోయి రావాలె. పక్క గెట్టాయనను సుత తోల్కరాండ్రి, ఆయన ఒప్పుకోంది మీ చెట్టు ఉండది.