మొదటి యోహాను పత్రికలో ఒక వాక్యం

శ్రోతలకు నమస్కారం.

1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్ల బైబిలును, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తెలుగు పరిశుద్ధ గ్రంథాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివేవారికి మొదటి యోహాను పత్రిక అయిదవ అధ్యాయం దగ్గర ఒక తేడా ఎదురవుతుంది. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే ముగ్గురనీ, ఆ ముగ్గురూ ఒక్కటేననీ చెప్పే వాక్యం ఆంగ్లంలో ఉంది, తెలుగులో లేదు. తెలుగులో సాక్షులు ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే. దైవవాక్యంలోంచి ఎవరో ఒక మాట తీసేశారన్న అనుమానం, దాని వెంటే కోపం, సాధారణంగా ఇలాంటి చోటే మొదలవుతాయి. ఆ కోపానికి 500 ఏళ్ల చరిత్ర ఉంది.

1516లో బాసెల్ నగరంలోని ఫ్రోబెన్ ముద్రణాలయం నుంచి డచ్ పండితుడు ఎరాస్మస్ పరిష్కరించిన గ్రీకు కొత్త నిబంధన వెలువడింది. పని ఎంత తొందరగా సాగిందంటే, ప్రకటన గ్రంథానికి దొరికిన ఒకే ఒక్క గ్రీకు ప్రతిలో చివరి ఆకు లేకపోవడంతో, ఆ కొద్ది వచనాలను ఆయన లాటిన్ నుంచి తానే గ్రీకులోకి తిప్పి పూరించారు. కానీ విమర్శకులకు ఆగ్రహం తెప్పించింది మరొకటి. తాను చూసిన గ్రీకు ప్రతుల్లో ఎక్కడా కనిపించలేదు కాబట్టి యోహాను పత్రికలో ముగ్గురూ ఒక్కటేనని చెప్పే ఆ త్రిత్వ వాక్యాన్ని ఆయన ముద్రించలేదు. ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ లీ, స్పెయిన్ పండితుడు స్తునికా ఆయనపై విరుచుకుపడ్డారు; క్రీస్తు దైవత్వాన్ని నిరాకరించిన ఏరియస్ మతానికి ఇది తలుపు తీయడమేనన్నారు.

ఆ తర్వాత ఒక గ్రీకు ప్రతి ఇంగ్లండులో బయటపడింది. ఇప్పుడది డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ఉంది. పదహారో శతాబ్దం తొలినాళ్లలో రాసిన ఆ ప్రతిలో ఆ వాక్యం ఉంది గాని, తండ్రి, వాక్యము, ఆత్మ అనే పదాల ముందు గ్రీకు భాషకు సహజంగా ఉండవలసిన ఉపపదాలు (ఆంగ్లంలోని ‘ది’ వంటివి) లేవు. లాటిన్‌లో ఉపపదాలు ఉండవు కనుక, లాటిన్ వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని గ్రీకులోకి దించిన చేయి అక్కడ తెలిసిపోతుంది. ఒక్క ప్రతి చూపిస్తే చేరుస్తానని ఎరాస్మస్ పందెం కట్టినట్టు మాట ఇచ్చారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. ఆయన రచనల్లో దానికి ఆధారం లేదని డచ్ పండితుడు డి యోంగె 1980లో చూపించారు. నిందకు తావివ్వకూడదనే చేర్చానని ఎరాస్మస్ స్వయంగా రాసుకున్నారు. ఏమైనా 1522 నాటి మూడో ముద్రణలోకి ఆ వాక్యం వచ్చింది, అక్కడి నుంచి తరువాతి గ్రీకు ముద్రణల్లోకి, వాటి ద్వారా కింగ్ జేమ్స్ అనువాదంలోకి చేరింది. 1633లో లైడెన్ నగరపు ఎల్జెవిర్ ముద్రాపకులు తమ గ్రంథాన్ని అందరూ స్వీకరించిన పాఠమని ముందుమాటలో చెప్పుకున్నారు. పుస్తకాలు అమ్ముకునేవారి ఆ గొప్ప మాటే క్రమంగా సంప్రదాయ పాఠానికి పేరై నిలిచిపోయింది.

ఈ సంప్రదాయ పాఠం తరఫున వాదించినవారందరినీ మొండివారని తీసిపారేయడం న్యాయం కాదు. 1881లో వెస్ట్‌కాట్, హార్ట్ అనే కేంబ్రిడ్జి పండితులు నాలుగో శతాబ్దపు వాటికన్, సీనాయి ప్రతులకు పెద్దపీట వేస్తూ గ్రీకు పాఠాన్ని ప్రకటించినప్పుడు, వారిని గట్టిగా ఎదిరించినవారు ఇంగ్లండులోని చిచెస్టర్ ప్రధాన దేవాలయపు డీన్, అంటే అక్కడి గురువుల పెద్ద, జాన్ బర్గన్. ఆ రెండు ప్రతుల్లోనూ మార్కు సువార్త పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. చివరి పన్నెండు వచనాల కోసం బర్గన్ 1871లోనే ఒక పూర్తి గ్రంథం రాశారు. వాటికన్ ప్రతిలో పుటకు మూడు నిలువు వరుసలు ఉంటాయి. ఒక పుస్తకం ముగిస్తే లేఖకుడు సాధారణంగా తరువాతి వరుసలోనే రెండోది మొదలుపెడతాడు. మార్కు దగ్గర మాత్రం సువార్త రెండో వరుసలో ముగిసి, మూడో వరుస మొత్తం ఖాళీగా ఉంది. అక్కడ ఇంకేదో ఉండాలని లేఖకుడికి తెలుసునని బర్గన్ వాదించారు. అంతేకాదు, ఆ వచనాల్లో ఒకదాన్ని రెండో శతాబ్దంలోనే క్రైస్తవ గురువు ఐరేనియస్ ఉదహరించారని గుర్తుచేశారు. ప్రతి పాతదైనంత మాత్రాన పాఠం పాతది కానక్కరలేదన్నది ఆయన వాదం. తాళపత్ర ప్రతులను సరిపోల్చి కావ్యాలు పరిష్కరించిన మన పండితులు సైతం ఆ మాట కాదనరు. ఆ పన్నెండు వచనాలు తరువాత చేరినవేనని నేడు ఎక్కువమంది పండితులు భావిస్తున్నా, బర్గన్ వాదన జవాబు చెప్పవలసినదే గాని నవ్వి ఊరుకోదగినది కాదు.

అయితే బర్గన్ పట్టిన కొలబద్దే యోహాను వాక్యానికి పెడితే అది నిలవదు. వందలాది గ్రీకు ప్రతుల్లో పదికి అటూ ఇటూగా మాత్రమే దాన్ని చూపుతాయి, వాటిలోనూ కొన్ని అంచున రాసిన చేర్పుగానే. ఏరియస్ వివాదం రగిలిన నాలుగో శతాబ్దంలో, ఒక్క వాక్యంతో ఎదుటివారి నోరు మూయించగల అవకాశం ఉండి కూడా, గ్రీకు పితరులు, అంటే ఆనాటి క్రైస్తవ గురువులు, ఎవరూ దాన్ని ఎత్తిచూపలేదు. వారి గ్రంథాల్లో అది లేదు కనుకనే అనుకోవాలి. అది లేకుండానే 325లో క్రైస్తవ సంఘాధ్యక్షుల నికేయా సభ తన విశ్వాస ప్రమాణాన్ని నిర్ణయించింది. లీ, స్తునికాలు గమనించనిది ఇదే: త్రిత్వ సిద్ధాంతం ఆ వాక్యం మీద ఆధారపడి లేదు. బర్గన్ కూడా తన పక్షపు ముద్రిత పాఠానికి దిద్దుబాట్లు అవసరమని దాచుకోకుండా రాశారు. ఇప్పుడు సంప్రదాయం పేరు చెప్పి అందులోని ప్రతి అక్షరానికీ కాపలా కాస్తున్నవారిలో చాలామంది, తాము గురువుగా చెప్పుకునే ఆయన కంటే ముందుకు వెళ్లిపోయారు.

మళ్లీ మన తెలుగు గ్రంథం సంగతి. యోహాను పత్రికలో ఆ వాక్యం లేని అదే తెలుగు బైబిలులో మార్కు చివరి పన్నెండు వచనాలు పూర్తిగా ఉన్నాయి. పాఠాన్ని తుడిచివేయడమే దాన్ని సిద్ధపరచినవారి ఉద్దేశమైతే, ఈ పన్నెండు వచనాలు మిగిలేవి కావు.